బుధవారం రాని బండి

తైనాన్,
ఫిబ్రవరి చివరి గురువారం

పి-లాన్‌కు,

నీ పల్లీ పట్టీల డబ్బా అందింది. సగం స్టాఫ్ రూమ్ వాళ్లు తిన్నారు, సగం నేను తిన్నాను. ఫోన్ చెయ్యమని రాశావు. చెయ్యను. మా సంగీతం డిపార్ట్‌మెంట్ ఫోన్ గుమాస్తా బల్ల మీద ఉంటుంది, నేను మాట్లాడే ప్రతి మాటా ఆవిడ టీ తాగుతూ వింటుంది. ఉత్తరమైతే కనీసం కవరు చించే శ్రమ పడాలి కదా.

అసలు సంగతికి వస్తాను. నా క్లాసుకు గండం వచ్చి పడింది. టర్మ్ మొదటి రోజునే మా హెడ్ ఫాంగ్ గారు గదికి పిలిచి కూర్చోబెట్టారు. ఆయన కూర్చోమన్నారంటే చెడ్డ కబురే, మంచి కబురైతే నిలబెట్టే చెబుతారు. కౌంటర్‌పాయింట్ గొప్ప విద్యేనట, ఆయనా చిన్నప్పుడు నేర్చుకున్నారట. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "లియావ్ గారూ, కిందటేడు మీ పిల్లల ప్రదర్శనకు ఎవరెవరొచ్చారో మీకు గుర్తుందా?" అని అడిగారు.

గుర్తు లేకేం. ఫాంగ్ గారు, వాచ్‌మన్, ఏసీ ఉందని లోపలికొచ్చి మూడో కుర్చీలో నిద్రపోయిన ఎవరో పెద్దాయన. పాడినవాళ్లు పద్నాలుగు మంది.

ఈసారి జూన్ ప్రదర్శనకు బయటి జనం రాకపోతే, వచ్చే ఏడాది నుంచి కంపోజిషన్ పిల్లలకు కౌంటర్‌పాయింట్ తీసేసి, ప్రకటనలకు పాటలు కట్టడం నేర్పే కోర్సు పెడతారట. ఆ కోర్సుకు వేరే మనిషి వస్తారట. పదకొండేళ్లుగా నేను నేర్పుతున్నది ఇదొక్కటే, లాన్. జీతం మాట అటుంచు. కౌంటర్‌పాయింట్ అంటే ఇంతే కదా, ఒక గొంతు పాడుతుంటే రెండో గొంతు దాన్ని అనుకరించకుండా, మింగెయ్యకుండా, తన పాట తాను పాడుకుంటూ దాని పక్కనే నడవడం. ఇంతకంటే మంచి విషయం ఇరవయ్యేళ్ల పిల్లలకు ఇంకేం నేర్పగలనో నాకు తెలియదు. ఇది పోతే నాకు ఏడుపొస్తుంది. ఈ ముక్క ఆయన ముందు అనలేకపోయాను, నీకు రాస్తున్నాను.

ఇది చాలదన్నట్టు చెత్త బండి ఒకటి. ఈ టర్మ్ నా క్లాసు మంగళవారం, గురువారం సాయంత్రం పెట్టారు. సరిగ్గా నాలుగున్నరకు బండి మా గేటు ముందుకొచ్చి ఆగుతుంది, చెత్త బండ్లన్నీ మోగించే ఆ పాట మొదలవుతుంది. ఎవరి చెత్త వాళ్లే తెచ్చి బండిలో వెయ్యాలి కాబట్టి అద్దె గదుల్లో ఉండే పిల్లలు సంచులు క్లాసుకే తెచ్చి బెంచీల కింద పెట్టుకుంటున్నారు. పాట వినబడగానే సగం క్లాసు సంచులు పట్టుకుని మెట్ల మీద పరుగు. వాళ్లు మెట్లు దిగేసరికే మొదటి బండి వెనకే సీసాలూ కాగితాలూ ఏరుకునే రెండో బండి వస్తుంది, అదే పాట మళ్లీ. మిగతా సగం పరుగు. పాఠం ఎప్పుడు చెప్పను?

హుయ్-వెన్


మాకుంగ్,
మార్చి, గాలి తగ్గని ఆదివారం

వెన్,

ఈ దీవిలో గాలికి నిన్న మా హెడ్‌మాస్టర్ టోపీ ఎగిరిపోయి మేకల దొడ్డిలో పడింది. పిల్లలెవరూ నవ్వలేదు, నేనే నవ్వాను. అందుకు శిక్షగా ఈ నెలంతా జెండా వందనం దగ్గర బ్యాండు డ్యూటీ నాదే.

నీ ఉత్తరం చదివి ముందు కంగారు పడ్డాను, చెత్త సంచుల దగ్గరికొచ్చేసరికి పడీపడీ నవ్వాను, తర్వాత మళ్లీ కంగారు పడ్డాను. వెన్, చదువుకునే రోజుల నుంచీ నీకొక జబ్బుంది. ఎదురుగా ఉన్నదాన్ని అడ్డం అనుకుంటావు. పెంగ్ మాస్టారు మనకు మూల పాట ఇచ్చి, దాని మీద రెండో గొంతు రాయమనేవారు గుర్తుందా? ఆ మూల పాటలు ఎవరి చెవినా పడనివి, ఏనాటివో. నీ పిల్లలకు కూడా అవే ఇస్తున్నావు కదూ, నాకు తెలుసు. వాళ్లు కాగితం మీద లెక్క వేసినట్టు రాసి ఇస్తారు, వాళ్ల చెవిలో ఏమీ మోగదు.

ఈ ఊళ్లో, ఆ ఊళ్లో, దేశమంతటా పసిపిల్ల నుంచి పండు ముసలి దాకా నిద్రలో లేపి అడిగినా పాడగల పాట ఒకటే ఉంది. అది వారానికి రెండుసార్లు నీ కిటికీ కిందికి నడిచొస్తోంది, అదీ ఉచితంగా. దాన్నే మూల పాటగా ఇవ్వు. బండి పాడుతుంటే దాని మీద పిల్లల చేత పాడించు. పారిపోయేవాళ్లు పారిపోరు, సంచులు పారేసి పరిగెత్తుకుంటూ తిరిగొస్తారు.

మరీ ఉన్నదున్నట్టు ఇవ్వకు. దాని పరుగుకు రెండో గొంతు పెట్టడం మన వల్లే కాదు, వాళ్ల వల్ల అసలే కాదు. స్వరాలు సాగదీసి, నిదానం చేసి ఇవ్వు.

నన్ను చూడు, పడవ కంపెనీకి పది నిమిషాల్లో కట్టిన పాట రేవులో రోజంతా మోగుతోంది. అది విని మేకలు కూడా తల తిప్పుతాయి. దానికి వచ్చిన పేరు, నేను మూడేళ్లు కూర్చుని రాసిన దానికి రాలేదు. ఈ పిల్లల బ్యాండు, ఈ గాలి, ఈ ఊరు నాకు కొన్నిసార్లు మొహం మొత్తుతున్నాయి. సరేలే.

అవునూ, మీ ఫాంగ్ గారు ఎలాంటి మనిషి? మాట మీద నిలబడతాడా? ఊరికే అడిగాను.

పి-లాన్


తైనాన్,
మార్చి చివరి శుక్రవారం

లాన్,

నిన్ను ఎత్తుకుని గిరగిరా తిప్పాలని ఉంది. నువ్వు కిందటేటి కంటే లావయ్యావని మీ అక్క చెప్పింది కాబట్టి మాటతోనే సరిపెడుతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటి రోజు నవ్వులతోనే గడిచిపోయింది. త్సెంగ్ అనే కుర్రాడున్నాడు, డ్రమ్ములు వాయిస్తాడు, పుట్టిందగ్గర్నుంచి ఒక్క మాటా నెమ్మదిగా అనలేదు. "టీచర్, పరీక్షలో కూడా చెత్తే వస్తుందా?" అన్నాడు. ఎప్పుడూ రాని మార్కులు అలాగైనా వస్తాయేమో చూడు అన్నాను. తర్వాత అందరూ తలలు వంచి రాశారు. వాడి కాగితంలో మొదటి వరుసలోనే రెండు గొంతులూ పంచమం దూరంలో జంటగా దిగుతున్నాయి. పెంగ్ మాస్టారి మాట చెప్పాను. ఇద్దరూ ఒకే వైపు, ఒకే దూరంలో నడిస్తే ఒకరు దండగ. వాడు ఏడాదిగా ఈ నియమాన్ని బట్టీ కొడుతున్నాడు, నిన్న మొదటిసారి అర్థమైనట్టు మొహం పెట్టాడు.

అసలు విశేషం నిన్న జరిగింది. నాలుగున్నరకు మొదటి బండి వచ్చింది. రెండో బండికి గేటు మలుపులో ఎవరిదో స్కూటరు అడ్డం వచ్చింది. రోజూ వచ్చేదానికంటే కాస్త వెనకబడింది. మొదటి బండి పాట నడుస్తుండగానే దూరం నుంచి అదే పాట, కాస్త ఆలస్యంగా మొదలైంది. రోజూ అయితే రెండూ కలిసి రోత పుట్టిస్తాయి, నేను కిటికీ మూసేస్తాను. నిన్న యి-జెన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. క్లాసులో నోరు విప్పని పిల్ల. పాడమంటే నేల చూపులు చూస్తుంది. "టీచర్, మూయకండి. ఇప్పుడు కలుస్తోంది" అంది.

నిజంగానే కలిసింది, లాన్. నాలుగు బార్లపాటు, తాళం నాలుగు ఆవర్తాలు తిరిగేంతసేపు, ముందు బండిని వెనక బండి తరుముతూ, ఎక్కడా కొట్టుకోకుండా చక్కగా నడిచింది. తర్వాత చెడిపోయిందనుకో. అయినా పద్నాలుగు మందీ కిటికీకి వేలాడి విన్నారు, ఒక్కరూ సంచి తియ్యలేదు. కానన్ అంటే ఏమిటో పదకొండేళ్లుగా బోర్డు మీద గీసి చెబుతున్నాను, చెత్త బండి స్కూటరు పుణ్యమా అని ఒక్క పూటలో చెప్పేసింది. ఆ నాలుగు బార్లు ఎందుకు కలిశాయి, తర్వాత ఎందుకు చెడ్డాయి అని అడిగాను. బెల్లు కొట్టాక కూడా వాళ్లు వాదించుకుంటూనే ఉన్నారు.

గేటు ఎదురుగా పాలచేప గంజి అమ్మే యెన్ పిన్నికి కూడా ఈ కానన్ సంగతి చెప్పుకున్నాను. ఒకరు మొదలుపెట్టిన పాటనే ఇంకొకరు కాస్త ఆగి మొదలుపెట్టి, ఇద్దరూ పోట్లాడుకోకుండా చివరిదాకా పాడటం అన్నాను. "మా ఆయనా నేనూ ముప్పయ్యేళ్లుగా అదే చేస్తున్నాం, మాకు డిగ్రీ ఎవడిచ్చాడు?" అంది. గంజిలో ఒక చేప ముక్క ఎక్కువ వేసింది.

జూన్ ప్రదర్శనకు ఇదే పెడతాను. జనం సంగతి దేవుడెరుగు. ఫాంగ్ గారి గురించి అడిగావు. మనిషి మంచివారే, మాట మీద నిలబడతారు, అదే నా భయం.

ఆడ గొంతుల్లో కిందిదైన ఆల్టోకు యి-జెన్ రాసిన వరుస నకలు పంపుతున్నాను. చూసి తిట్టు.

హుయ్-వెన్


మాకుంగ్,
ఏప్రిల్

వెన్,

ఆ పిల్ల ఆల్టో బాగుంది. తిట్టడానికి వెతికాను, మూడో బారులో తప్ప దొరకలేదు. అక్కడ మూల పాట ఎగురుతుంటే ఆల్టో కూడా ఎగరబోయి తడబడుతోంది. దాన్ని అక్కడే కూర్చోమను. పాట అంతా అటూ ఇటూ పోతున్నప్పుడు ఒకళ్లు కదలకుండా ఉంటే ఎంత హాయిగా ఉంటుందో ఆ పిల్లకు చెప్పు.

ఇక్కడ పరీక్షలు, బ్యాండు, ఒక పన్ను నొప్పి. వచ్చే వారం పన్ను పీకించుకోవడానికి కావోసియుంగ్ వెళ్తున్నాను. తైనాన్ దాకా రావడం కుదరదు, ఏమీ అనుకోకు. ఇంకేం రాయాలో తోచడం లేదు.

పి-లాన్


తైనాన్,
మే మొదటి మంగళవారం

చువాంగ్ పి-లాన్ గారికి,

మీ పన్ను కావోసియుంగ్‌లో కాక తైనాన్‌లో, మా డిపార్ట్‌మెంట్ హెడ్ గదిలో పీకారని మా గుమాస్తా చెప్పింది. నొప్పి తగ్గిందనుకుంటాను.

మాకుంగ్ నుంచి ఒకావిడ వచ్చిందట. పడవ కంపెనీ పాట కట్టిన ఆవిడట. ప్రకటనల పాటల కోర్సుకు ఫాంగ్ గారు ఫిబ్రవరిలోనే ఆవిడకు రాశారట. నీలం టోపీ పెట్టుకుందట, టీ వద్దని మంచినీళ్లు తాగిందట, గంటసేపు మాట్లాడిందట. ఆ టోపీ కిందటేడు నేనే కొనిచ్చాను.

ఉద్యోగం సంగతి నాకు చెప్పకపోవడం అర్థం చేసుకోగలను. నేను ఉండే ఊరికి వచ్చి, నేను పాఠం చెప్పే మేడ మెట్ల దాకా వచ్చి, నన్ను చూడకుండా వెళ్లిపోయావు. అది నాకు అర్థం కావడం లేదు.

ప్రదర్శన పనిలో ఉన్నాను. జవాబు రాయనక్కర్లేదు.

లియావ్ హుయ్-వెన్


మాకుంగ్,
మే, నీ ఉత్తరం అందిన రాత్రే

వెన్,

రాయనక్కర్లేదన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇరవయ్యేళ్లుగా నువ్వు వద్దన్నవి చేస్తేనే మనం ఇంత దూరం వచ్చాం.

నువ్వు విన్నదంతా నిజం. ఫాంగ్ గారి ఉత్తరం, నీ మొదటి ఉత్తరం ఒకే వారంలో అందాయి. ముందు ఆయనది వచ్చింది. ఎగిరి గంతేశాను. యూనివర్సిటీ, తైనాన్, గాలి లేని ఊరు, మేకల్లేని ఊరు, నువ్వున్న ఊరు. నాలుగు రోజుల తర్వాత నీది వచ్చింది. ఎవరి చోటు ఖాళీ చేసి నన్ను కూర్చోబెడతారో అప్పుడు తెలిసింది.

ఆ రోజే వద్దని రాసేయాల్సింది. రాయలేదు. ఒప్పుకుంటున్నానని కూడా రాయలేదు. చెత్త బండి పాట సలహా నీకు మనస్ఫూర్తిగానే రాశాను. అది పోస్టు చేశాక మాత్రం, ఈ సలహా పారకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. నాకు ఈ ఊరి నుంచి బయటపడాలని అంత ఉంది, వెన్. నువ్వు తప్ప ఇది ఇంకెవరికీ తెలియదు.

ఏప్రిల్‌లో వచ్చాను. ఫాంగ్ గారితో మాట్లాడాను. బయటికొచ్చేసరికి గురువారం నాలుగున్నర. నీ కిటికీ కింద నిలబడ్డాను. బండి వచ్చింది. పై నుంచి నీ పిల్లలు పాడటం మొదలుపెట్టారు. గంజి అమ్మే ఆవిడ, అదే నీ యెన్ పిన్ని అయి ఉంటుంది, నా ఉత్త చేతులు చూసి, "నీకు చెత్త లేదా? అయితే ఇది పట్టుకో" అని ఒక సంచి చేతికిచ్చి లోపలికెళ్లింది. ఆ సంచి పట్టుకుని చివరిదాకా విన్నాను. మూడో బారులో ఆల్టో తడబడలేదు. అక్కడే కూర్చుంది. నేను రాసిన మాట నువ్వు ఆ పిల్లకు చెప్పావని తెలిసింది. ఇంక మెట్లెక్కి నీ మొహం చూడటం నా వల్ల కాలేదు. సంచి బండిలో వేసి రేవుకు వెళ్లిపోయాను.

ఇప్పుడే ఫాంగ్ గారికి రాశాను. కౌంటర్‌పాయింట్ తీసేస్తే నేను రానని, అది నేర్చుకోని పిల్లలకు పాట కట్టడం నేర్పడం నా చేత కాదని రాశాను. రెండూ ఉంచితే వస్తాను, లేదంటే మేకలతోనే ఉంటాను. నేనేమీ త్యాగం చేశాననుకోకు. ఆ పడవ పాట పది నిమిషాల్లో కట్టగలిగింది పెంగ్ మాస్టారి దగ్గర నాలుగేళ్లు నీ పక్కన కూర్చున్నాను కాబట్టే. నిజమే రాశాను.

ఫాంగ్ గారి దృష్టిలో మనం పంచమాల జంట. ఇద్దరిలో ఒకరు దండగ అనుకుంటున్నారు. అలా కాదని ఆయనకు నువ్వే చూపించాలి. నేను అక్కడ లేను.

టోపీ ఇంకా బాగుంది. పెట్టుకున్నప్పుడల్లా తిట్టుకుంటున్నాను.

పి-లాన్


తైనాన్,
జూన్, పడవ పందేల పండుగ రోజు

లాన్,

నెలపాటు జవాబు రాయలేదు. కోపంతో కొంత, పనితో కొంత, ఏం రాయాలో తెలియక ఎక్కువ. నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీతో మనసులో పోట్లాడాను. ఐదో రోజు యెన్ పిన్నిని అడిగాను. నీలం టోపీ ఆవిడ ఎవరో సంచి పట్టుకుని కళ్లు తుడుచుకుంటూ నిలబడిందని, చేప పొలుసుల కంపుకేమో అనుకున్నానని అంది. ఆ మాటతో నా కోపం పోయింది. అప్పుడే రాయాల్సింది. ఇప్పుడు అన్నీ కలిపి రాస్తున్నాను, కూర్చుని చదువు.

ప్రదర్శన నిన్న అయింది. హాల్లో ఏసీ పాడైంది, మరమ్మతు వాళ్లు పండుగ దాటాక గాని రామన్నారు. ఫాంగ్ గారు కింద వరండాలో పెట్టుకోమన్నారు, గేటు పక్కనే, సందు మీదికి తెరిచే ఉంటుంది. రోజు నేనే ఎంచుకున్నాను. బుధవారం ఊళ్లో చెత్త బండి రాదు కదా, అసలు బండి వచ్చి మా బండిని పాడు చెయ్యదని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పొద్దున్నుంచి కాగితాలు పంచాం. యెన్ పిన్ని షాపు తలుపుకు ఒకటి అంటించాం. సాయంత్రం ఆరింటికి వచ్చినవాళ్లు వాచ్‌మన్, ఇద్దరు తల్లిదండ్రులు, ఫాంగ్ గారు. వేసిన ముప్పై కుర్చీలు ఖాళీ. ఫాంగ్ గారు పాపం మొదటి వరుసలో కూర్చుని గడియారం చూడకూడదని చాలా ప్రయత్నం చేశారు. ఇంతే ఇక, ఈ నలుగురి కోసమే పాడి, గౌరవంగా ముగిద్దామని పిల్లలకు చెప్పాను.

మా పాట ఇలా మొదలవ్వాలి. ముందు త్సెంగ్ కీబోర్డు మీద బండి పాట ఒక్కటే వాయిస్తాడు, ఉన్నదున్నట్టు. తర్వాత దాన్ని నిదానం చేస్తాడు. అప్పుడు యి-జెన్ మొదటి గొంతు ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు. నాకు తెలియకుండా త్సెంగ్ ఒక ఘనకార్యం చేశాడు. వాళ్ల మామయ్య కూరగాయల వ్యాను మీది లౌడ్‌స్పీకరు విప్పి తెచ్చి కీబోర్డుకు తగిలించాడు. వాడు మొదటి స్వరం నొక్కగానే నేనే గేటు వైపు చూశాను. అచ్చం బండే.

సందులో ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత ఇంకోటి. పై అంతస్తుల్లో దీపాలు వెలిగాయి. లాన్, ఆలోచించు. తెల్లవారితే పండుగ. ప్రతి ఇంట్లోనూ అన్నం ముద్దలు చుట్టగా మిగిలిన ఆకులు, రొయ్య పొట్టు, మాంసం కడిగిన చెత్త. జూన్ ఎండ. బుధవారం బండి రాదు. అలాంటిది బండి పాట వినబడితే ఎవరేమనుకుంటారు? పండుగ కదా, నగరం వాళ్లు దయతలిచి అదనంగా బండి పంపారనుకున్నారు. సందు సందంతా చెప్పులు టపటపలాడించుకుంటూ, రెండేసి సంచులు పట్టుకుని మా గేటు మీదికి వచ్చి పడింది. బనీన్లతో తాతలు, తలకు రోలర్లతో ఒకావిడ, స్కూటర్ల మీద పక్క వీధి వాళ్లు.

యెన్ పిన్ని అందరికంటే ముందుంది. "బండి ఏదే?" అని నన్నే అడిగింది. బండి లేదు పిన్నీ, పాట ఒక్కటే అన్నాను. వెనక నుంచి ఒక తాత, బండి లేనిదానికి పాటెందుకని కేకలేశాడు. అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. త్సెంగ్ భయపడి వాయించడం ఆపలేదు, అదొక్కటే అదృష్టం. పాటను నిదానం చేశాడు. యి-జెన్ ఎత్తుకోవాల్సిన చోటు వచ్చింది. ఆ పిల్ల ఎత్తుకోలేదు, నేల చూపులు చూస్తోంది. అంతమంది, అన్ని సంచులు, అంత కోపం. త్సెంగ్ ఇంకో చుట్టు వాయించాడు. చోటు మళ్లీ వచ్చింది. మళ్లీ లేదు.

మూడోసారి నేను ఎత్తుకున్నాను.

నీకు తెలుసుగా, చదువుకునే రోజుల్లో పెంగ్ మాస్టారి ముందు పాడాల్సి వస్తే నేనెప్పుడూ మొదలుపెట్టలేదు. ప్రతిసారీ నువ్వే. నువ్వు నాలుగు స్వరాలు పాడాక గాని నాకు ధైర్యం వచ్చేది కాదు. నిన్న ముందు ఎవరూ లేరు. మొదటి స్వరం కాస్త కిందికి పోయింది. పాడుతూ యి-జెన్ వైపు చూశాను. ఆ పిల్ల నన్ను రెండు బార్లు విని, సరిగ్గా రెండో గొంతు చోటులో వచ్చింది. తర్వాత మంద్రంలో పాడే బాస్ కుర్రాళ్లు, తర్వాత మిగతావాళ్లు.

సందులో మాటలు సద్దుమణిగాయి. రోలర్ల ఆవిడ పక్కావిడతో పైకే అంది, "ఇదుగో, రెండో బండి వచ్చింది." అందరూ గొల్లుమన్నారు. కాసేపటికి, "మూడోది కూడా." అప్పటి నుంచి కొత్త గొంతు వచ్చినప్పుడల్లా సంచులెత్తి చూపించారు. ఎవరు ఎప్పుడు వస్తున్నారో వాళ్లకు తెలుస్తోంది, లాన్. ఎవరి పాట ఎటు పోతోందో వింటున్నారు. నా క్లాసులో ఒక టర్మ్ పట్టే పని.

పాట అయ్యాక మళ్లీ పాడమన్నారు. మళ్లీ పాడాం. ఈసారి మొదలుపెట్టింది యి-జెన్. యెన్ పిన్ని చప్పట్లు కొట్టాలంటే చేతులు ఖాళీ లేక, పక్కన నిలబడ్డ ఫాంగ్ గారిని చూసి, "నీకు చెత్త లేదుగా, ఇది పట్టుకో నాయనా" అని చేప తలల సంచి ఆయన చేతిలో పెట్టింది. మా హెడ్ గారు ఇస్త్రీ చొక్కాతో, ఆ సంచిని రెండు చేతులా పట్టుకుని, రెండోసారి పాట మొత్తం విన్నారు. కారిన నీళ్లు బూట్ల మీద పడ్డాయి, ఆయన కదల్లేదు.

జనం వెళ్లాక, సంచి ఇంకా ఆయన చేతిలోనే ఉండగా, నా దగ్గరికొచ్చారు. కూర్చోమనలేదు. నిలబడే చెప్పారు.

"ఆ మాకుంగ్ ఆవిడ నెల కిందట నాకు రాసింది. మీరు లేకుండా రానంది. ఎంత పొగరో అనుకున్నాను. ఇప్పుడర్థమైంది."

కౌంటర్‌పాయింట్ ఉంటుంది, నీ కోర్సూ ఉంటుంది. ఏడాదిగా దిక్కులేకుండా పడి ఉన్న మా కోరస్‌ను కూడా నీకే అప్పగిస్తారట, అప్పుడు నీ జీతానికి లోటుండదట. ఇవాళో రేపో ఆయన ఉత్తరం నీకు చేరుతుంది. కోపం తెచ్చుకుని వద్దనకు. నేను రమ్మంటున్నాను. ఏప్రిల్‌లో మెట్ల దగ్గర నుంచే వెళ్లిపోయావు, ఈసారి పైకి రా.

మిగిలిన సంచులన్నీ మా గేటు దగ్గరే వదిలి వెళ్లారు. ఇవాళ పండుగ అని ఊరంతా ముద్దలు తింటుంటే, నేనూ పద్నాలుగు మంది పిల్లలూ ముక్కులు మూసుకుని వాటికి కాపలా కాస్తున్నాం. నాలుగున్నరకు బండి రావాలి. ఇంత ఆనందంగా నేనెప్పుడూ చెత్త కంపు పీల్చలేదు.

హుయ్-వెన్


మాకుంగ్,
జూన్ చివర

వెన్,

ఫాంగ్ గారి ఉత్తరం వచ్చింది. కవరు ఇంకా చేపల వాసన వేస్తోందని మా అక్క అంటోంది, నేను నమ్మను.

నీ ఉత్తరం మా పిల్లల బ్యాండుకు చదివి వినిపించాను. ఫాంగ్ గారి బూట్ల దగ్గర వాళ్లు నేల మీద పడి నవ్వారు. నువ్వు ఎత్తుకున్న చోట నేను చదవలేక ఆగిపోయాను. టీచర్‌కు గాలికి కంట్లో ఇసుక పడిందని వాళ్లే సర్ది చెప్పుకున్నారు. ఈ పిల్లల్ని, ఈ గాలిని తిట్టిందంతా వెనక్కి తీసుకుంటున్నాను. వదలాల్సి వచ్చేసరికి అన్నీ బాగున్నాయి. హెడ్‌మాస్టర్ టోపీకి ఒక దారం కట్టి బహుమతిగా ఇచ్చాను.

వస్తున్నాను. ఆగస్టు చివరి పడవకు. మీ సందులోనే గది చూడమని యెన్ పిన్నికి చెప్పు, ఆవిడ సంచి ఒకసారి మోసినదాన్నని గుర్తు చెయ్యి. బుధవారం చెత్త దాచుకోవడానికి మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి కొని ఉంచు.

టర్మ్ మొదటి రోజు పిల్లల ముందు మనిద్దరం కలిసి పాడాలి. అలవాటు కొద్దీ నా వైపు చూస్తావని తెలుసు, చూడకు. ఈసారి నువ్వే మొదలుపెట్టు. నేను రెండు బార్లు విని వస్తాను.

పి-లాన్